ఓడ కిరాయి, ఓడమీది మనిషి

ఇటీవల సికింద్రాబాదులో జరిగిన యొక వర్తకసభలో ఒక పెద్దమనిషి, కోవిడు మహమ్మారివలన సకలవృత్తులు చెడినను సముద్రవ్యాపార మొక్కటి మాత్రము మునుపెన్నడు లేనంతగా వర్ధిల్లినదని నిశ్చయముగా పలుకుటయు, సభవారు కరతాళములతో ఆమోదించుటయు చూచినది మొదలు నా మనస్సు కుదుటపడకున్నది. ఆ మాట అసత్యము; అంతకుమించి అధర్మము.

వారి యాధారమెల్ల 2021లో కంటెయినర్ల కిరాయి అనేకరెట్లు పెరుగుటయు, మేర్స్క్ వంటి కొలది ఓడకంపెనీలు అపూర్వలాభములు గడించుటయు మాత్రమే. ఖాళీపెట్టెలు విదేశపు రేవులలో చిక్కుపడగా పుట్టిన కొరతను అభివృద్ధి యనుట యెక్కడి అర్థశాస్త్రము? రేవులేని మన జంటనగరముల సరకు సనత్‌నగరు డిపోలో కంటెయినరుకెక్కి, రైలుమీద సముద్రము చేరవలసినదే; ఆ కిరాయి చెల్లించినవారు మన వర్తకులే.

లాభపులెక్కలు చదివిన యా కన్నులు 2020లో గుజరాతుతీరపు వేరావలు రేవునేల చూడలేదు? శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాలనుండి ఏటేట వేటకై వలసపోవు మన మత్స్యకారులు, మార్చి 25న లాక్‌డౌను అమలగుటతో, బోటు నడపు తండేలు మొదలు పనివాడైన కళాసీవరకు వేలకొలదిగా అచ్చటనే నిలిచిపోయిరి. భౌతికదూరము పాటింపుడని దేశమంతయు ఘోషించుచుండగా, ఒకదానినొకటి ఒరసికొని నిలిచిన బోట్లలోనే వండుకొని, ఆ బోట్లలోనే ఒకరిప్రక్క నొకరు పండుకొని, ఏప్రిలు నెలాఖరున బస్సులు వచ్చువరకు దినములు లెక్కించిరి. ఆ వేరావలునుండియే వేటకుపోయి 2018లో పాకిస్తాను చెరబడిన మనవారిలో ఇరువదిమంది 2020 జనవరిలో విడుదలై వచ్చిన యానందము చల్లారకమునుపే ఆ పల్లెలపై ఈ పిడుగు పడినది. అంత పొడవైన శ్రీకాకుళపు తీరమున ఆనాటికి ఒక్క ఫిషింగు హార్బరైన కట్టనివారు ఈ వలసకు బాధ్యులు కారా? నగరములకు వంతెనపై వంతెన కట్టుటకు దొరకు ధనము, బోటు కట్టుకొనుటకొక జెట్టీ నిర్మించుటకు దశాబ్దములుగా దొరకకుండుట నేను సహింపజాలను. హైదరాబాదు రామనగరు చేపలబజారులో ఆదివారమునాడు కిలోకు పదిరూపాయలు తగ్గింపుమని బేరమాడు మనకును ఈ యుపేక్షలో భాగము కలదు.

ఆ యేడే భీమవరపు రొయ్యల చెరువులలో, చైనా కొనుగోళ్లు తగ్గి, రొయ్యల ప్లాంట్లకు కూలీలు కరవై ధర పడిపోగా, రైతులు తగిన కౌంటుకు (కిలోకు తూగు సంఖ్యకు) రాకమునుపే రొయ్యను పట్టి అమ్ముకొనిరి. ఒప్పందము ముగిసియు ఓడ దిగ వీలులేక ప్రపంచమున నాలుగులక్షలమంది నావికులు నీటిపైననే చిక్కుపడిరి. వీరిలో వర్ధిల్లిన వారెవ్వరు?

మన మత్స్యకారుల తీరముననే రేవులు కట్టవలెను; ఆపత్కాలమున ఓడకిరాయికొక హద్దు విధింపవలెను; వలసపోయిన వేటగాని వేతనమునకు పూచీ యుండవలెను. విధివిధానములు నిపుణులు నిర్ణయింతురుగాక. సముద్రవ్యాపారము బాగుపడినదని సభలలో చెప్పువారు మాత్రము ఇకమీదట, అది ఎవరికి బాగుపడినదో కూడ చెప్పి తీరవలెను.