నెలలు నిండని బిడ్డ - మన బాధ్యత

37 వారాలు నిండకముందే కాన్పయితే ఆ ఇంటికి సంతోషంతోపాటు ఆందోళన కూడా వస్తుంది. బిడ్డ నవజాత శిశు విభాగంలో, రక్తపోటుతోనో రక్తస్రావంతోనో కుంగిన తల్లి మరో వార్డులో, కూలి మానుకున్న తండ్రి ఆసుపత్రి వరండాలో. ఆ వేళ తల్లి తిండినో నడతనో తప్పుపట్టడం అన్యాయం. ఇటువంటి కాన్పులకు చాలాసార్లు కారణం వైద్యులకే అంతుచిక్కదు.

2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పుకూ, జబ్బుపడిన శిశువుకు ఏడాది వయసు వరకు చికిత్సకూ రుసుము లేదు. మందులు, పరీక్షలు, రక్తం, రవాణా కూడా ఉచితమే. ఇది దయ కాదు, హక్కు. ఎవరైనా డబ్బు అడిగితే ప్రశ్నించాలి. నెలలు నిండని కాన్పు వల్ల జబ్బుపడిన ఉద్యోగినికి చట్టం మరో నెల వరకు వేతనంతో కూడిన అదనపు సెలవు ఇస్తున్నది. ఇంటి వద్ద కుట్టుపని, జరీపని చేసే మన స్త్రీలకు ఆ సెలవు ఎక్కడిది? వారికీ ప్రసూతి భద్రత కల్పించాలని ప్రభుత్వాలను కోరుతున్నాము.

అంతవరకు మహల్లాయే అండ కావాలి. మస్జిద్ కమిటీలు ఆసుపత్రికి భోజనం పంపాలి, ఆగిన కూలికి బైతుల్‌మాల్ నుండి సాయమందించాలి. బిడ్డను గుండెకు హత్తుకొని వెచ్చగా ఉంచే కంగారూ సంరక్షణకు తల్లికి గంటల కొద్దీ తీరిక కావాలి; ఇంటిపని, పెద్దపిల్లల ఆలనా పాలనా ఇరుగుపొరుగు పంచుకోవాలి. చూడవచ్చినవారు బిడ్డను ఎత్తుకోకుండా దూరం నుండే దుఆ చేయడమూ సాయమే.