పంటిబిగువు

మన సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ కార్యదర్శి అడిగితే "పండ్లు కొరకడం గురించి రాస్తా"నన్నాను. "ఎవరి మీద? మెస్సు కాంట్రాక్టరు మీదనా?" అని నవ్వాడు. (మా సీమలో పళ్ళను పండ్లనే అంటాం. పాఠకులు చెట్టు పండ్లని పొరబడవద్దని మనవి.) అతను నవ్వడంలో తప్పులేదు. తెలుగులో పండ్లు కొరకడమంటే కోపం. పంటిబిగువున భరించడమంటే ఓర్పు. రెండూ మనిషి తెలిసి చేసే పనులే. నిద్రలో తనకు తెలియకుండానే పండ్లు నూరే పిల్లవాడికి, పగలంతా దవడలు బిగించుకొని అదే తన సహజమైన ముఖమనుకునే పెద్దమనిషికి మన మాటల్లో చోటు లేదు. అంచేత వాళ్ళకు దక్కేది తిట్టో, తాయెత్తో, తప్పుడు వైద్యమో. నా ఫిర్యాదు అదే.

నాది గడివేముల. నేను చిన్నబడికి పోయే రోజుల్లో మాది కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. ఎండాకాలం మిద్దె మీద అందరం వరసగా పడుకునేవాళ్ళం. నడిరేయి మా అవ్వ నన్ను తట్టి లేపేది. "ఏందిరా ఇది, రాళ్ళు నమిలినట్టు! నిద్దట్లో పండ్లు కొరికితే ఇంటికి మంచిది కాదు" అనేది. తెల్లారితే అమ్మను పిలిచి, "వీనికి కడుపులో పురుగులుండాయి, ఆముదం తాపు" అని తీర్పు చెప్పేది. ఆ ఆముదం రుచి ఇప్పటికీ నాలుక మీద వుంది. కొరుకుడు మాత్రం ఆగలేదు. పాలపండ్లు రాలి పెద్దపండ్లన్నీ వచ్చేసరికి దానంతటదే పోయింది. ఆ ఘనతను కూడా అవ్వ ఆముదం ఖాతాలోనే వేసుకుంది.

అవ్వను నేను తప్పుపట్టను. పురుగుల మాట మా వూరిదే కాదు, చాలా దేశాల్లో వున్నదే. పురుగులున్న పిల్లల్లో కొరుకుడు ఎక్కువని కొన్ని పరిశోధనల్లో కనిపించింది, మరికొన్నింటిలో అలాంటిదేమీ కనిపించలేదు. పురుగులే కారణమని మాత్రం తేలలేదు. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల దినం నాడు బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. అది వేయించాల్సిందే, పిల్లల రక్తానికీ ఎదుగుదలకూ మంచిది. కాని పండ్ల చప్పుడుకు అదే మందనుకుని, మాత్ర వేశాక కూడా కొరుకుతున్నాడని పిల్లవాణ్ణి గదమాయించడం అన్యాయం. నిద్రపోతున్నవాడు ఏం చేస్తాడు పాపం!

మరి జరిగేదేమిటి? నిద్ర రాత్రంతా ఒకే లోతులో సాగదు. మధ్యమధ్య మెదడు కొన్ని క్షణాలు మెలకువ అంచుదాకా వచ్చి మళ్ళీ జారుకుంటుంది. అప్పుడు గుండె కాస్త వేగం అందుకుంటుంది, ఆ వెంటనే నమిలే కండరాలు ఒక లయలో బిగుసుకుంటాయి. పైపండ్లూ కిందిపండ్లూ రాసుకుంటే చప్పుడు. అంతే, దయ్యమూ లేదు, పగా లేదు. 1907లో ఫ్రాన్సులో మరీ, పియెట్‌కీవిచ్ అనే ఇద్దరు వైద్యులు దీనికి 'బ్రుక్సోమనీ' అని పేరు పెట్టారు. అంటే దాన్ని ఒక రకం పిచ్చి కింద జమకట్టారన్నమాట! ఇప్పుడు వైద్యులు బ్రక్సిజం అంటున్నారు. 2018లో పలు దేశాల నిపుణులు కూర్చొని, ఆరోగ్యంగా వున్న మనిషిలో దీన్ని జబ్బని అనకూడదు, కండరాల నడవడిగా చూడాలి, హాని చేస్తున్నదా లేదా అన్నదే చూసుకోవాలి అని రాశారు. పిచ్చి నుంచి నడవడికి రావడానికి నూరేళ్ళు పైనే పట్టింది. మా అవ్వ ఒక్కతే వెనకబడిందని ఎట్లా అంటాం?

పిల్లల్లో ఇది పెద్దలకంటే ఎక్కువ. దవడ పెరిగే వయసు గనుక పండ్లకు తొడుగులు సాధారణంగా వేయరు, పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. ఒక్క సంగతి మాత్రం తల్లిదండ్రులు గమనించాలి. పిల్లవాడు గట్టిగా గురకపెడుతూ, నోటితో గాలి పీలుస్తూ పండ్లు కొరుకుతుంటే గొంతులో టాన్సిల్సు, ముక్కు వెనక ఎడినాయిడ్లు పెరిగి వుండవచ్చు. చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి. ఆముదంతో అయ్యేది కాదు.

ఇక పెద్దవాళ్ళ సంగతి. ఇక్కడ మా నాయన కథ చెప్పాలి. గుత్తకు చేసే నాలుగెకరాల నల్లరేగడిలో పత్తి పెట్టే మనిషి. కణతల దగ్గర నొప్పితో నిద్రలేచేవాడు. తలనొప్పి బిళ్ళలు జేబులో వుండేవి. చెవిపోటు అంటే ఒకచోట చెవిలో చుక్కలు పోశారు. చెవిలో ఏమీ లేదు. పన్ను జివ్వుమంటున్నదంటే ఇంకొకచోట దవడపన్ను పీకారు, ఆర్నెల్లకు దాని పక్కది పీకారు. నొప్పి ఎక్కడికీ పోలేదు. చివరికి ఒక డాక్టరమ్మ నోరు తెరిపించి చూసి, రెండు దవడల కండలూ వేళ్ళతో నొక్కి, "నిద్ర పడుతుందా అన్నా? అప్పులేమైనా ఉన్నాయా?" అని అడిగింది. పండ్ల డాక్టరు అప్పుల సంగతి అడగడం మా నాయనకు వింతగా తోచింది. ఆమె అద్దం చేతికిచ్చి చూపించింది: పండ్ల మొనలన్నీ తిరగలి రాయిలా చదునైపోయాయి.

పీకేముందు ఆ ప్రశ్న ఒక్కరైనా అడిగివుంటే రెండు పండ్లు దక్కేవి. నా వాదం ఇక్కడే వుంది. దిగులు వల్లే పండ్లు కొరుకుతారని ఒక్క ముక్కలో తేల్చేయడం సరికాదు. నిద్రలో వూపిరి అడ్డుపడడం, పొగ, మద్యం, కాఫీ, దిగులు జబ్బుకు వాడే కొన్ని మందులు కూడా దీన్ని పెంచుతాయి. (ఆ మందులను సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టరుతోనే మాట్లాడాలి.) అయినా, పగలు దవడ బిగించడానికి మనసులోని బరువుతో సంబంధం వున్నదని మాత్రం చెప్పవచ్చు. పండ్లను అరగదీసి 'కాటు సరిచేస్తాం' అనేవాళ్ళను నేనైతే నమ్మను. అరగదీసిన పన్ను మళ్ళీ మొలవదు. రాత్రి తొడుగు పండ్లను కాపాడుతుందే గాని కొరుకుడును మాన్పించదు.

ఇంతకీ ఈ పండ్ల సంగతి చదువుకునే మనకెందుకు? పోయిన సెమిస్టరు పరీక్షలప్పుడు మా రూమ్మేటు, ఆళ్ళగడ్డవాడు, "మామా, రాత్రంతా మర ఆడిస్తుండావు గదరా" అన్నాడు. చిన్నప్పటి చుట్టం తిరిగొచ్చిందన్నమాట! అప్పటినుంచి పగలు కూడా గమనించుకున్నాను. నోట్సు రాసేటప్పుడు, నోటిఫికేషన్ల కోసం ఫోను చూసేటప్పుడు, ఇంటినుంచి ఫోను వచ్చినప్పుడు పండ్లు గట్టిగా కరచుకొని వుంటున్నాయి. నిజానికి నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పైపండ్లూ కిందిపండ్లూ తాకనక్కరలేదు. అన్నీ కలిపినా రోజుకు ఇరవై నిమిషాలకు మించదంటారు. పెదవులు మూసి, పండ్లు విడిగా, నాలుక మెత్తగా పైపండ్ల వెనక - ఇదీ దవడకు విశ్రాంతి. నా టేబులు మీద ఒక ఎర్రచుక్క అతికించుకున్నాను. అది కంటబడినప్పుడల్లా దవడ వదులు చేస్తాను. ఈ రాత ముగించేలోపే ఏడెనిమిదిసార్లు చేశాను. మీరూ ఇప్పుడొకసారి చూసుకోండి, మీ పండ్లు ఎక్కడున్నాయో.

హాస్టల్లో ఎవడైనా కొరుకుతుంటే వాణ్ణి రికార్డు చేసి గ్రూపులో పెట్టి నవ్వుకోవడం మనకు అలవాటైంది. అది మానండి. తెల్లారాక వాణ్ణి పక్కకు పిలిచి, కణతలు నొస్తున్నాయా, సరిగ్గా నిద్ర పడుతున్నదా అని అడగండి. డాక్టరుకు వాడి నిద్ర గురించి చెప్పగలిగిన సాక్షి రూమ్మేటే.

మా నాయనకు ఆ డాక్టరమ్మ తొడుగు చేయించి ఇచ్చింది. మొదటి రాత్రి పెట్టుకొని, "ఎద్దుకు చిక్కం ఏసినట్టుండాదప్పా" అన్నాడు. అయినా పెట్టుకుంటున్నాడు. పొద్దున తలనొప్పి తగ్గింది, బిళ్ళలు తగ్గాయి. మొన్న ఫోను చేసి "పండ్లెట్లుండాయి నాయనా?" అని అడిగాను.

"పండ్లు బాగనే ఉండాయి. పత్తి రేటే ఎట్లుంటుందో ఏమో" అన్నాడు.