దారి చూపే ఫోనుకు చప్టా మీది నీరు తెలియదు

కావలి (మా విలేకరి): జాతీయ రహదారి దిగి తుమ్మలపెంట సముద్రతీరానికీ, కొండబిట్రగుంట వెంకటేశ్వరస్వామి సన్నిధికీ వచ్చే పైవూరి కార్లవారు ఇప్పుడు దారి అడగడం దాదాపు మానివేశారు. ఎదుట తగిలించిన ఫోను కుడికి తిరగమంటే కుడికి, ఎడమకంటే ఎడమకు తిరుగుతున్నారు. టీ బంకు వద్ద కూర్చున్నవారు చేయెత్తి వారించినా ఆగేవారు తక్కువ. తీరా రొయ్యల గుంట గట్టు మీద చక్రం దిగబడ్డాక ట్రాక్టరు కోసం వూళ్లోకి నడిచి వస్తున్నారు.

ఇది నవ్వుకొని వదిలివేసే విషయం కాదు. బాడుగ కార్లు, సరుకు లారీలే కాదు, వేళకాని వేళ ప్రాణం మీదికి వచ్చినవారి కోసం వచ్చే బండి డ్రైవరు కూడా కొత్తవాడైతే ఆ ఫోనునే చూసుకోవలసి వస్తున్నది.

ఫోను చేసే పనిలో రెండు భాగాలున్నాయి. మనం ఎక్కడ వున్నామో తేల్చేది మొదటిది. అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తమలోని అణుగడియారాల ప్రకారం టైమును రేడియో ద్వారా పంపుతుంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే, అవి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి ఫోను తానున్న చోటును లెక్క కట్టుకుంటుంది. సైన్యం కోసం పుట్టిన ఈ ఏర్పాటు 1995 నాటికి పూర్తి అయింది. పౌరులకు అందే సంకేతాన్ని కావాలని మసకబరిచే పద్ధతిని 2000 మే నెలలో ఎత్తివేశారు. కార్లలో దీని వాడకం పెరిగింది ఆ తరువాతనే.

మన దేశపు నావిక్ ఉపగ్రహాలు ఎగిరింది మన తీరాన వున్న శ్రీహరికోట నుంచే. మొదటిది 2013 జూలై 1న వెళ్లింది. కాని దానిలోని మూడు అణుగడియారాలూ చెడిపోయాయి. 2025 జనవరి 29న శ్రీహరికోట నూరవ ప్రయోగంగా పంపిన ఎన్.వి.ఎస్.-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది.

అయినా రోడ్డు మీద మనకు వస్తున్న చిక్కు ఆకాశంలో లేదు. మన తీరపు మత్స్యకారులు పడవల్లో జి.పి.ఎస్. పెట్టెలు వాడుతున్నారు. చేపలు పడే చోటును గుర్తు పెట్టుకొని మరునాడు అక్కడికే పోతున్నారు. సముద్రంలో చప్టాలు లేవు, డొంకలు లేవు, చోటు తెలిస్తే చాలు. నేల మీద అలా కాదు. ఇక్కడ రెండవ భాగం, అంటే పటం, సరిగా వుండాలి. అది ఉపగ్రహ ఫోటోల నుంచి, రికార్డుల నుంచి, దారిన పోయేవారి ఫోన్ల కదలికల నుంచి తయారవుతున్నది. పైనుంచి తీసిన ఫోటోలో రొయ్యల గుంట గట్టు కూడా సన్నని దారిలాగే కనిపిస్తుంది. హైవే మీద వేలాది ఫోన్లు కదులుతుంటాయి కనుక అక్కడ బండ్లు నిలిచిపోతే పటానికి వెంటనే తెలుస్తుంది. రాత్రిపూట ఒక్క బండీ తిరగని పల్లెదారిలో చప్టా మీద నడుములోతు నీరు పారుతున్నా దానికి చెప్పేవారు లేరు. నిరుడు ఒక పెళ్లికి పోతూ దగ్గరదారి అని నమ్మి ఈ విలేకరి కూడా జొన్నచేల మధ్య డొంకలో గంటసేపు నిలబడవలసి వచ్చింది.

2024 మే నెలలో హైదరాబాదు నుంచి కేరళ విహారానికి పోయిన నలుగురు కొట్టాయం జిల్లా కురుప్పంతర వద్ద పటం చూసుకుంటూ కారును నేరుగా కాలువలోకి నడిపారు. రోడ్డు వాననీటిలో మునిగి వుండడంతో కాలువ ఎక్కడ మొదలైందో తెలియలేదు. పోలీసులు, స్థానికులు వారిని బయటకు తీశారు. 2023 డిసెంబరులో తెలంగాణలోని హుస్నాబాద్ సమీపాన ఒక లారీ గౌరవెల్లి ప్రాజెక్టు నీటిలోకి పోయింది. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ వద్ద రామగంగ నది మీద కొంత భాగం కొట్టుకుపోయిన వంతెన పైనుంచి కారు పడి ముగ్గురు మరణించారు. పటంలో ఆ వంతెన నిక్షేపంగా వున్నది. అయితే వంతెన మొదట్లో గట్టి అడ్డు లేదన్న సంగతిని కూడా గమనించాలి. అక్కడ ప్రజాపనుల శాఖ ఇంజనీర్ల మీద కేసు పెట్టారు. తప్పంతా ఫోనుదే అనడం రోడ్ల శాఖవారికి సుఖంగా వుంటుంది గాని న్యాయం కాదు.

మన జిల్లాకు వస్తే 2021 నవంబరు వరదలను ఎవరూ మరచిపోలేదు. పెన్నా పొంగి కోవూరు సమీపాన పడుగుపాడు వద్ద జాతీయ రహదారి కోతకు గురైంది, రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. అటువంటి రోజునే పైవూరివారు ఫోను తీసి పక్కదారి వెతుకుతారు. హైవే తెగేంత వరదలో పక్కనున్న పల్లెల చప్టాలు ఎలా వుంటాయో ఇక్కడ పుట్టినవారికి చెప్పనక్కరలేదు.

పేర్ల గొడవ మరొకటి. ఇంగ్లీషులో ఒక అక్షరం తేడా వస్తే మన కోవూరు కాస్తా గోదావరి ఒడ్డున కొవ్వూరు అవుతుంది. అది దూరం చూస్తేనే బయటపడుతుంది. తీరం వెంట పట్టపుపాలెం అనే పేరున్న ఆవాసాలు ఒకటి కాదు. ఫలానావారి పట్టపుపాలెం అంటే మనకు తెలుస్తుంది, ఫోనుకు తెలియదు. పగలైతే ఎవరినో అడగవచ్చు. అర్ధరాత్రి కాన్పు నొప్పులు పడే ఇంటికి బయలుదేరిన బండి పొరుగు పాలెం పోయి తిరిగి వచ్చేసరికి ఎంత ఆలస్యమవుతుందో లెక్క వేసుకోవచ్చు.

ఇందుకు అక్కరకు వచ్చే ఏర్పాటు ఒకటి 2025 మే నెలలో వచ్చింది. తపాలా శాఖవారు హైదరాబాదు ఐ.ఐ.టి., ఇస్రోవారి రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి డిజిపిన్ అనే గుర్తును తయారుచేశారు. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విభజించి ప్రతి గడికీ పది అక్షరాల, అంకెల గుర్తు ఇచ్చారు. ఒకే పేరున్న పాలెములు పది వున్నా గుర్తులు వేరువేరుగా వుంటాయి. పంచాయతీవారు తమ వూరి బడి గుర్తును గోడ మీద పెద్ద అక్షరాలతో రాయిస్తే డబ్బా రంగుకు మించి ఖర్చు లేదు. పటంలో తప్పుంటే దానిని ఫోనులోనే తెలిపే వీలున్నది. వూరికి ఒక చదువుకున్న కుర్రవాడు పూనుకున్నా పేరు సరిచేయించవచ్చు, గట్టును గట్టుగా చూపించవచ్చు.

చప్టాల సంగతి మాత్రం కుర్రవాళ్లతో అయ్యేది కాదు. నీటి లోతు తెలిపే రంగు గుర్తుల రాళ్లు, నీరు ఎక్కినప్పుడు అడ్డంగా దించే గొలుసు, ఆ రాత్రి కాపలా వుండే మనిషి, ఇవి రోడ్ల భవనాల శాఖ, పంచాయతీరాజ్ శాఖ ఏర్పాటు చేయవలసినవి. ఈశాన్య రుతుపవనాల వానలు మన తీరాన్ని ముంచేది నవంబరులోనే. ఆ లోపున తుమ్మలపెంట వైపు, కొండబిట్రగుంట వైపు పోయే దారుల్లోనైనా ఈ పని ముగించాలి.