చెత్త ఏరేవాళ్లందరికీ గుర్తింపు కార్డు ఇవ్వాలి

హైదరాబాద్ కాలనీ సంఘాల పెద్దలకు, నగరవాసులకు విన్నపం.

బెంగాల్ నుంచి, అస్సాం నుంచి వచ్చి మన నగరంలో చెత్త ఏరుకుంటున్నవాళ్ల గురించి ఒక మాట తరచూ వినిపిస్తోంది: మనవాళ్ల పని లాక్కుంటున్నారు, సంపాదించిందంతా ఊరికి పంపేస్తున్నారు అని. వాళ్ల గుడిసెలు ఖాళీ చేయించమని కోరేముందు ఒక్కసారి లెక్క చూడండి.

తాగి పారేసిన నీళ్ల సీసా వాళ్ల చేతికి దొరికితే మూత ఊడదీసి ఒక బస్తాలో వేస్తారు, లేబుల్ చించేసి సీసాను ఇంకో బస్తాలో వేస్తారు. రెండూ వేర్వేరు ప్లాస్టిక్‌లు. నీళ్లలో వేస్తే సీసా ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది. కలిసిపోతే సరుకు ధర పడిపోతుంది. ఇలా వేరు చేసిన సరుకు మీదే తుక్కు కొట్టువాళ్లు, ఆటోవాళ్లు, హమాలీలు, గ్రైండింగ్ యూనిట్లలో కూలీలు బతుకుతున్నారు. ఏరకుండా వదిలేస్తే అదంతా జవహర్‌నగర్ చెత్త గుట్టకు చేరుతుంది. మోసుకెళ్లే ఖర్చు మన పన్నుల్లోంచి, కంపు పక్కనున్న దమ్మాయిగూడ జనానికి.

డబ్బు ఊరికి పోతున్న మాట నిజమే. గల్ఫ్ నుంచి కరీంనగర్‌కు, ముంబై నుంచి పాలమూరుకు వచ్చిందీ అలాంటి డబ్బే. ఆ రూపాయికి తగిన పని ఇక్కడ జరిగాకే అది ఊరు దాటుతోంది.

అసలు నష్టం తూకం దగ్గర జరుగుతోంది. గుర్తింపు కార్డు లేని మనిషి కొట్టువాళ్లు ఎంతిస్తే అంతకే అమ్ముకోవాలి. పోలీసుల భయంతో ఎదురు మాట్లాడలేడు. ఆ రేటే చూపించి, ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్న మన ఆడవాళ్లకూ కోత పెడతారు. వచ్చినవాళ్లకు కార్డు ఇస్తే ఉన్నవాళ్ల రేటు కూడా నిలబడుతుంది.

చెత్త ఏరేవాళ్లను గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలని 2016 నాటి కేంద్ర ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. పుణెలో 1993లోనే వాళ్లు సంఘం పెట్టుకున్నారు. 2008 నుంచి వాళ్ల సహకార సంస్థ ‘స్వచ్ఛ్’ అక్కడి కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకుంటోంది. ఇళ్లవాళ్లిచ్చే నెల రుసుమూ, తుక్కు అమ్మిన డబ్బూ వాళ్లకే.

మనం అడగాల్సింది ఇదీ: ఏ రాష్ట్రమని చూడకుండా ఈ పని చేసే పెద్దవాళ్లందరికీ ఫొటో కార్డు. ప్రతి వార్డులో సరుకు వేరుచేసుకోవడానికి నీడ, నీళ్లు ఉన్న షెడ్డు, సరైన కాటా, ఏ రోజు ధరలు ఆ రోజు రాసే బోర్డు.

ఈలోగా ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త వేరుగా పెట్టండి. పగిలిన గాజు, బ్లేడ్లు మందపాటి కాగితంలో చుట్టి ఇవ్వండి, ఏరేవాళ్లవి ఒట్టి చేతులు. వచ్చే కాలనీ మీటింగులో తీర్మానం చేసి వార్డు ఆఫీసులో ఇవ్వండి, రసీదు తీసుకోండి, నకలు మీ ఎమ్మెల్యేకు పంపండి.