కొలవకముందే తప్పు రైతుదేనా?

పోయిన ఎండాకాలం మా చెరువు వెనక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. అది 25 కేవీఏది. దాని కింద 5 హెచ్.పి. మోటార్లు నాలుగున్నాయి. అప్పుడు వరి పొట్ట మీదుంది. తలా కొంత చందా వేసుకుని, ట్రాక్టర్ మాట్లాడుకుని, మేమే దించి తీసుకుపోయాం. అక్కడ అధికారి ఒక్క మాటతో తేల్చేశాడు: "మీ పవర్ ఫ్యాక్టర్ 0.62 ఉంది. మీరు కెపాసిటర్లు పెట్టరు, ట్రాన్స్‌ఫార్మర్లు కాలుస్తారు."

ఈ మాట రెండు రాష్ట్రాల్లోనూ రైతులు వింటున్నదే. 2004లో ఉచిత కరెంటు వచ్చాక పెట్టిన షరతుల్లో ఐ.ఎస్.ఐ. మోటారు, మంచి ఫుట్‌వాల్వు, పైపులతో పాటు కెపాసిటర్ కూడా ఉంది. అందుకని మోటారు కాలినా, లైను తెగినా, ట్రాన్స్‌ఫార్మర్ పేలినా ముందుగా అడిగేది కెపాసిటర్ సంగతే. సరే, అడగనిద్దాం. కానీ ఆ 0.62ను ఎప్పుడు కొలిచారు, ఎలా కొలిచారు, దేనితో కొలిచారు? ఈ ప్రశ్నలు మనమూ అడగాలి. అడగాలంటే ముందు మనకు విషయం తెలియాలి.

పవర్ ఫ్యాక్టర్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. మిల్లుకు ధాన్యం తోలే లారీనే తీసుకోండి. నిండు బస్తాలు పోతాయి, ఖాళీ గోనెలు తిరిగొస్తాయి. గోనెలకు కిరాయి ఉండదు, కానీ లారీలో చోటు మాత్రం కావాలి. మోటారు నీళ్లు తోడడానికి వాడుకునే కరెంటు కిలోవాట్లు. అయస్కాంతం పుట్టించడానికి వచ్చి పోతూ ఉండే కరెంటు పని చేయదు, కానీ తీగలోనూ ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ చోటు ఆక్రమిస్తుంది. రెండూ కలిసి పడే బరువు కేవీఏ. కిలోవాట్లను కేవీఏతో భాగిస్తే వచ్చేదే పవర్ ఫ్యాక్టర్.

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 0.7 దగ్గర మోయగలిగేది 17.5 కిలోవాట్లే. 0.95 దగ్గర 23.75 మోస్తుంది. 5 హెచ్.పి. మోటారు లైను నుంచి సుమారు 5 కిలోవాట్లు గుంజుతుంది. అంటే మొదటి లెక్కన మూడు మోటార్లు, రెండో లెక్కన నాలుగు. కాబట్టి కెపాసిటర్ వల్ల లాభం నిజమే. కాదనడం మన ఉద్దేశం కాదు.

ఇక మా ఊరి సంగతి. ఆ 0.62 ఎక్కడిదని ఆరా తీస్తే, ఒకరోజు మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ మీటరు బటన్ నొక్కి చూసిన అంకె అని తేలింది. ఆ రోజు రెండు బోర్లలో నీళ్లు అడుగంటి, మోటార్లు సగం లోడు మీద తిరుగుతున్నాయి. లోడు తగ్గితే మోటారు పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది. దాంతో పాటు ఆంపియర్లూ తగ్గుతాయి. అంటే ఆ పూట అంకె చెడ్డదే, కానీ ఆ పూట ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు తక్కువ. ఆ అంకె చూపించి ట్రాన్స్‌ఫార్మర్ అందుకే కాలిందనడం ఎలా కుదురుతుంది?

న్యాయంగా తేల్చాలంటే నెల సగటు చూడాలి. ఎలక్ట్రానిక్ మీటరులో రెండు లెక్కలూ ఉంటాయి: కేడబ్ల్యూహెచ్, కేవీఏహెచ్. నెల మొదట, నెల చివర రెండూ రాసుకోండి. నెలలో 840 కేడబ్ల్యూహెచ్, 1050 కేవీఏహెచ్ తిరిగితే సగటు 0.80. ఈ భాగహారానికి ఇంజినీరు అక్కర్లేదు, మన పిల్లలు చేసిపెడతారు.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక మేమే ఒక ఎలక్ట్రీషియన్ను పిలిచి టాంగ్ టెస్టర్‌తో చూపించాం. 5 హెచ్.పి. మోటారుకు సాధారణంగా పెట్టేది 2 కేవీఏఆర్ కెపాసిటర్. 415 వోల్టులుంటే దాని తీగలో సుమారు 2.8 ఆంపియర్లు కనిపించాలి. మా నాలుగింటిలో రెండు సున్నా చూపాయి. డబ్బాలు గోడకే ఉన్నాయి, లోపల ప్రాణం లేదు. అందులో ఒకటి నాదే. ఆరేళ్లుగా "నాకు కెపాసిటర్ ఉంది" అని మీటింగుల్లో చెప్పుకుంటూ తిరిగాను. ఈ తప్పు మనది, ఒప్పుకుందాం.

మిగతా రెండూ బతికే ఉన్నాయి, కానీ 2.3 ఆంపియర్లే చూపాయి. కారణం వోల్టేజి. ఫేజుకూ ఫేజుకూ మధ్య 350 వోల్టులే ఉన్నాయి. వోల్టేజి తగ్గితే కెపాసిటర్ శక్తి వర్గం లెక్కన పడిపోతుంది. 415 దగ్గర 2 కేవీఏఆర్ ఇచ్చేది 350 దగ్గర 1.4 మాత్రమే ఇస్తుంది. పైగా అదే నీటిని తోడడానికి మోటారు మరిన్ని ఆంపియర్లు గుంజి వేడెక్కుతుంది. లైను చివర సరైన వోల్టేజి ఇవ్వకుండా కెపాసిటర్ పనిచేయలేదనడం అత్త మీద కోపం దుత్త మీద చూపడమే.

ఇంకో మాట. ఇప్పుడు సోలార్ పంపు కంట్రోలర్లు, మోటారు వేగం మార్చే డ్రైవులు, చౌక ఎల్.ఇ.డి. బల్బులు వచ్చాయి. ఇవి కరెంటును నునుపుగా కాకుండా ముక్కలు ముక్కలుగా గుంజుతాయి. అలాంటి చోట చౌక టాంగ్ టెస్టర్ అసలు కంటే తక్కువ ఆంపియర్లు చూపుతుంది. 'ట్రూ ఆర్.ఎం.ఎస్.' అని రాసి ఉన్నదే సరైన లెక్క చూపుతుంది. వోల్టేజికీ కరెంటుకీ మధ్య కోణం మాత్రమే చూసే పాత పద్ధతి కూడా ఇక్కడ మోసపోతుంది. కోణం బాగానే ఉందంటుంది, అసలు పవర్ ఫ్యాక్టర్ 0.6 దగ్గర ఉండొచ్చు. ఈ లోపానికి కెపాసిటర్ మందు కాదు. డ్రైవుకూ మోటారుకూ మధ్య కెపాసిటర్ పెడితే డ్రైవే పాడవుతుంది. అంగట్లో అమ్మే 'కరెంటు ఆదా పెట్టె'లకు డబ్బులు తగలేయకండి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2020లో శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగంగా మొదలైన పంపుసెట్ల మీటర్ల వ్యవహారాన్ని మనం మరచిపోలేదు. పెద్ద పరిశ్రమలకు ఇప్పటికే కేవీఏహెచ్ మీద బిల్లు వేస్తున్నారు. ఆ లెక్క రేపు చేను గట్టు దాకా వస్తే, లైను లోపానికి కూడా రైతే కట్టాల్సి వస్తుంది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద జరిగిన పోరాటంలో ప్రాణాలు పోయాయి. ఆ పోరాటం నేర్పిన మెలకువను మనం వదలకూడదు.

అందుకే మన సంఘం అడుగుతున్నది ఇది. పవర్ ఫ్యాక్టర్ పేరుతో ఏ రైతునైనా తప్పుపట్టే ముందు నెల సగటును, అదే నెలలో లైను చివరి వోల్టేజిని కాగితం మీద రాసి ఇవ్వాలి. కెపాసిటర్లు డిస్కంలే సరఫరా చేసి, ఏడాదికోసారి పరీక్షించాలి. వ్యవసాయానికి కేవీఏహెచ్ బిల్లింగు తలపెట్టకూడదు. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలన్న నిబంధనను, రైతు చేత చందాలు వేయించకుండా అమలు చేయాలి.

మన వంతు పనీ ఉంది. ఈ నెలలో ప్రతి గ్రామ కమిటీ ఒక టాంగ్ టెస్టర్ సంపాదించి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింద కెపాసిటర్లన్నీ చూపించాలి. కెపాసిటర్ స్టార్టర్ తర్వాత, మోటారు వైపు ఉండాలి. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో షాకు కొట్టే శక్తి మిగిలి ఉంటుంది, ఎవరూ చేతులు పెట్టొద్దు. తేదీ, వోల్టులు, మోటారు ఆంపియర్లు, కెపాసిటర్ ఆంపియర్లు ఒక నోటుబుక్కులో రాయండి. చచ్చిన కెపాసిటర్‌ను మార్చండి. వోల్టేజి తక్కువ ఉంటే ఆ అంకెలతోనే ఏఈకి దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఈసారి ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఆఫీసుకు వెళ్లినప్పుడు, వాళ్ల బటన్ అంకె ఎదుట మన నోటుబుక్కు ఉండాలి.