బస్టాండు నుంచి తరిమేస్తే ఎక్కడికి పోతారు?

యాసంగి ధాన్యం కొనుగోళ్లు మొదలవడానికి కొద్ది రోజుల ముందు, ఉత్తర తెలంగాణలోని ఒక చిన్న పట్టణంలో వ్యాపారులు, కాలనీవాసులు కలిసి మున్సిపల్ కమిషనర్‌కు వినతిపత్రం ఇచ్చారు. బస్టాండులోనూ మార్కెట్ యార్డు షెడ్ల కిందా తాగి పడుకుంటున్న వాళ్లను ఖాళీ చేయించమని కోరారు. కాలేజీ ఆడపిల్లలు సాయంత్రం బస్సు కోసం నిలబడడానికి భయపడుతున్నారని, పొద్దున షట్టర్ తీయగానే మూత్రం కంపు కొడుతోందని రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. రెండు రోజుల తర్వాత రాత్రిపూట సుమారు ఇరవై మందిని ట్రాలీ ఆటోల్లో ఎక్కించి, మరో పట్టణం శివార్లలో దించి వచ్చారు. వారం తిరక్కుండానే సగం మంది వెనక్కి వచ్చేశారు. మిగతా వాళ్లు ఏమయ్యారని ఎవరూ అడగలేదు.

ఆ వినతిపత్రం మీద మన సంఘం సభ్యుల సంతకాలు కూడా ఉన్నాయి. అందుకే ఈ మాటలు రాయవలసి వస్తోంది.

తిరిగి వచ్చిన వాళ్లతో మన కార్యకర్తలు యార్డులో కూర్చుని మాట్లాడారు. ఒకాయన ఏడెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేసిన మనిషి. వరసగా రెండేళ్లు పంట పోయింది. పట్టా తన పేరు మీద లేదు కనుక బ్యాంకు అప్పూ లేదు, రైతుబంధూ రాలేదు. బయటి అప్పు మాత్రం తన పేరు మీదే ఉంది. భార్య పిల్లలను తీసుకుని తల్లిగారింటికి పోయింది. ఆయన హమాలీ పనికి పట్నం వచ్చాడు. బస్తాలు మోసి నడుం పట్టేసిన రాత్రి నొప్పి తెలియకుండా క్వార్టర్ తాగాడు. తర్వాత నిద్ర కోసం తాగాడు. ఇప్పుడు పొద్దున చేతులు వణకకుండా ఉండాలన్నా తాగాల్సిందే. ఇంకొకాయన గల్ఫ్ నుంచి ఖాళీ చేతులతో వచ్చి, ఏజెంటుకు కట్టిన అప్పు తీరక ఊరికి ముఖం చూపించలేకపోయినవాడు. ఒక ముసలమ్మ ఉంది. ఆమె తాగదు. కొడుకులు ఇల్లు పంచుకున్నప్పుడు ఆమె ఎవరి వాటాలోకీ రాలేదు. ఆమెనూ అదే ఆటోలో ఎక్కించారు.

వీళ్లు ఎక్కడి నుంచో ఊడిపడలేదు. మన ఊళ్ల నుంచే పోయారు.

యార్డులో మనమూ పడుకుంటాం. కాంటా కోసం, లారీ కోసం, మిల్లరు దింపుకోవడం కోసం పది పదిహేను రోజులు ధాన్యం కుప్ప పక్కనే టార్పాలిన్ మీద రాత్రులు గడుపుతాం. చెట్టు చాటున స్నానం, రోడ్డు పక్కన దొడ్డికి, దోమలకు దుప్పటి ముసుగు. మన వల్లా కంపు వస్తుంది. మనలోనూ సాయంత్రానికి తాగేవాళ్లున్నారు, దాచుకోవడం దేనికి. అయినా మనల్ని ఎవరూ ఆటో ఎక్కించరు. పక్కన కుప్ప ఉంది కాబట్టి. ఆ పత్తి రైతుకు కుప్ప లేదు, అంతే తేడా.

చట్టం ఏమంటుందో కూడా సభ్యులకు తెలియాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా జబ్బుగానే లెక్కిస్తుంది. తన బాగోగులు చూసుకోలేని స్థితిలో, మానసిక జబ్బుతో వీధుల్లో తిరుగుతున్న మనిషి కనబడితే రక్షణలోకి తీసుకోవడం పోలీసుల బాధ్యత అని 100వ సెక్షన్ చెబుతోంది. 24 గంటల్లోగా దగ్గరలోని ప్రభుత్వ వైద్య సంస్థకు తీసుకుపోవాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లూ వాకిలీ లేని మనిషైతే తప్పిపోయిన వ్యక్తిగా కేసు నమోదు చేసి, కుటుంబాన్ని వెతికే పని స్టేషన్ అధికారిదే. ఊరవతల దించి రమ్మని ఏ సెక్షన్‌లోనూ లేదు.

నిలువ నీడ సంగతీ అంతే. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయ కేంద్రం చొప్పున ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. ఈ మాట చెబితే ఆ మున్సిపాలిటీలో ఒక ఉద్యోగి, ‘మన జనాభా లక్ష లేదు కదండీ’ అన్నాడు. లక్ష మంది లేని ఊళ్లో చలి పెట్టదు కాబోలు!

బెల్టు షాపులు మూయిస్తే అన్నీ సర్దుకుంటాయని కొందరు సభ్యులు అంటున్నారు. మూయించాల్సిందే. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా ఉద్యమం 1990లలో ఏం చేయగలిగిందో మనకు తెలుసు. 1995లో వచ్చిన మద్యనిషేధం రెండేళ్లు తిరిగేసరికి ఎలా సడలిందో కూడా తెలుసు. అయితే 2015 సెప్టెంబరును మరిచిపోవద్దు. ఆ నెలలో కల్తీ కల్లు మీద ప్రభుత్వం దాడులు చేసింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో ఏళ్ల తరబడి ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు అలవాటుపడిన కూలీ జనానికి ఒక్కసారిగా అది అందకుండా పోయింది. ఫిట్స్ వచ్చి, మతిభ్రమించి వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. కొందరి ప్రాణాలే పోయాయి. దాడులు చేసింది తప్పని మేము అనడం లేదు. దాడికి ముందు మంచాలు, మందులు సిద్ధం చేయకపోవడం తప్పు. సారా, బ్రాందీ విషయంలోనూ ఇంతే. ఏళ్లుగా రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, భ్రాంతులు వచ్చి చనిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. ఇంట్లో గదిలో వేసి గొళ్లెం పెట్టడం, దేవుడి ముందు ఒట్టు వేయించి ఊరుకోవడం మన ఊళ్లలో ఇంకా జరుగుతున్నాయి. అలా చేయకండి. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. ఎవరికి చెప్పుకోవాలో తోచకపోతే మత్తు వదిలించే సాయానికి 14446, మనసు బాగాలేనప్పుడు 14416 నంబర్లకు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు.

ఆడపిల్లల భయం మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బస్టాండులో లైట్లు వెలగాలి, ఆడవాళ్లు కూర్చునే గది తాళం తీయాలి, సాయంత్రం ఒక కానిస్టేబుల్ ఉండాలి. వీటిని అడిగిన సంతకాలైతే మాకు గర్వంగా ఉండేది. అల్లరి చేసేవాడి మీద కేసు పెట్టండి. నిద్రపోతున్న ముసలమ్మను ఎందుకు లేపారు?

ఆ యార్డులో రైతు విశ్రాంతి భవనం అని బోర్డు రాసిన కట్టడం ఒకటి ఉంది. మన పంట మీద వచ్చే మార్కెట్ ఫీజు ఆ కమిటీకే చేరుతుంది. ఇప్పుడు ఆ భవనం నిండా పాత గన్నీ సంచులు. సంచులు తీయించి, రెండు బాత్‌రూములు బాగుచేయించి, సీజన్‌లో రైతులకూ హమాలీలకూ, మిగతా రోజుల్లో రాత్రిపూట నీడ లేనివాళ్లకూ దాన్ని తెరవాలని మార్కెట్ కమిటీని, మున్సిపాలిటీని కలిపి అడుగుదాం. ఏరియా ఆసుపత్రిలో మత్తు మాన్పించడానికి విడిగా మంచాలు, వారానికోసారైనా మానసిక వైద్యుడు కావాలని జిల్లా కలెక్టర్‌ను అడుగుదాం. కౌలు రైతుకు గుర్తింపు కార్డు, అప్పు కోసం మన పాత పోరాటం ఎలాగూ సాగుతుంది. ఆ పోరాటంలో మనం ఓడిన చోట్ల నుంచే బస్టాండుకు మనుషులు చేరుతున్నారు.

సంతకాలు పెట్టిన సభ్యుల మీద చర్య తీసుకునే ఉద్దేశం సంఘానికి లేదు. ఈ నెల మండల కమిటీ సమావేశం యార్డులోనే, ఆ విశ్రాంతి భవనం ముందే జరుగుతుంది. వాళ్లు వచ్చి కొత్త వినతిపత్రం మీద మొదటి సంతకాలు చేయాలని కోరుతున్నాం. పత్తి వేసిన ఆయన ఆ రోజు కుర్చీలు వేస్తానన్నాడు.