తాతగారికి తెలుగు చదివే గొంతు

మన ఇళ్ళలో మనుమలు తెలుగు మాట్లాడతారు, లిపి రాదు. చూపు తగ్గిన తాతగారికి మెయిల్లో తెలుగు ఉత్తరం వస్తే చదివి వినిపించేదెవరు? కంప్యూటరే!

విండోస్‌లో తెరమీది అక్షరాలను చదివే ఎన్‌వీడీఏ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైంది. ఇంగ్లీషు గొంతు పెట్టి వదిలేస్తే మన అక్షరాలు సరిగా పలకదు. ఇన్సర్ట్, కంట్రోల్, వి మీటలు కలిపి నొక్కండి. గొంతుకు సంబంధించిన అమరికలు వస్తాయి. ఈస్పీక్ గొంతుల్లో తెలుగు ఎంచుకోండి. పలుకు కాస్త మరబొమ్మ వరసే, వినగా వినగా అలవాటవుతుంది. వేగం మాత్రం తాతగారినే అడిగి పెట్టండి. కుర్రకారు తమ చెవికి సరిపడేలా పెట్టేస్తారు! ఇన్సర్ట్, కంట్రోల్, సి నొక్కితే అమరికలు భద్రం.

చదువుతుండగా ఆపాలంటే కంట్రోల్ ఒక్కటి చాలు. ముందుగా ఆయన వేలికి ఆ మీట చూపించండి.